ముప్పై ఏడో బొమ్మ

మా అత్త ఆవేళ జంతికలు కాస్త ఎక్కువ వండకపోయి ఉంటే ఈ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. వండినవి పోసుకోడానికి డబ్బా చాలలేదు. బల్ల ఎక్కి అటక మీద తడుముకుంటే, నాలుగేళ్ళ క్రితం పోయిన మా మావయ్య తాలూకు పాత బిస్కట్ల డబ్బా చేతికి తగిలిందట. మూత తీసి చూసి, బల్ల మీదినుంచి దిగకుండానే నాకు ఫోన్ చేసింది. "ఒసే నూకరత్నం, ఇందులో మీ మావయ్య పొట్లాలేవో ఉన్నాయే. అన్నీ ఫిలిం ముక్కలు. పారేద్దునా, వచ్చి పట్టుకెళ్తావా? డబ్బా మట్టుకు నాకు కావాలి, ముందే సెప్తన్నాను."

నూకరత్నం నా పేరే. అందులో నూక ఎంతో రత్నం ఎంతో చదువుకునే రోజుల్లోనే తేలిపోయింది గనక పేరు మీద నాకేమీ ఫిర్యాదు లేదు. విశాఖపట్నంలో బడిపంతులమ్మగా పనిచేసి, రిటైరయ్యాక చోడవరం వచ్చి, అత్త ఇంటికి రెండు వీధుల అవతల ఉంటున్నాను. పొద్దున్నే నడవడం, నడుస్తూ ఒక్క ఫొటో తియ్యడం నా దినచర్య. ఒక్కటే. రెండోది తియ్యను. ఆవేళ అత్త ఇంటికి వెళ్తూ, చెరకు ట్రాక్టరు మలుపు తిరిగినప్పుడు జారిపడిన గడని ఒక మేక ఈ చివరినుంచీ ఒక ముసలాయన ఆ చివరినుంచీ పట్టుకు లాగుతుంటే, చాలాసేపు నిలబడి చూసి, మేక గెలిచే సమయానికి తీశాను. పక్కనే టీ కొట్టు అతను రోజూ నన్ను చూస్తూనే ఉంటాడు, రోజూ అడుగుతూనే ఉంటాడు. "ఏటండి టీచరమ్మగారూ, ఒక్కటి తీసి జేబులో ఎట్టేస్తారు? ఫోన్లో ఫిలిం అయిపోద్దేటండి?" అవునయ్యా, అయిపోతుంది అంటాను. ఆ జవాబు వెనక ఎంత కథ ఉందో అతనికి టీ మరిగేలోపు చెప్పలేను కదా.

మాది రోలుగుంట దగ్గర పల్లె. నాన్న చెరకూ వరీ వేసేవాడు. డిగ్రీ చదవాలంటే చోడవరం రావాలి, రోజూ బస్సుని నమ్ముకుంటే చదువు రోడ్డు మీదే అయిపోతుందని నన్ను తెచ్చి మావయ్య ఇంట్లో దింపాడు. ఆ ఇంట్లో మేం నలుగురం. పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసే మావయ్య, అత్త, మావయ్యనీ మా అమ్మనీ కన్న అమ్మమ్మ, నేను. అత్త గిన్నెలు కడిగేది, మావయ్య ఫొటోలు కడిగేవాడు, కాలేజీలో ఇంగ్లీషు మేడం నన్ను కడిగేది. మొత్తానికి ఇల్లంతా శుభ్రంగా ఉండేది. ఇంట్లో చుట్టలు రెండు రకాలు. ఫిలిం చుట్టలు మావయ్య అలమరలోనూ, పొగాకు చుట్టలు అమ్మమ్మ బొడ్లోనూ ఉండేవి. ఒకదానికి వెలుతురు తగలకూడదు, రెండోదానికి నిప్పు తగలాలి, చుట్టాలు వస్తే రెండూ ఖర్చయ్యేవి. మా వైపు ఆ కాలపు ఆడవాళ్ళ మాదిరిగానే అమ్మమ్మది అడ్డపొగ. వెలిగించిన కొసని నోటి లోపల పెట్టుకుని, పెదవులు బిగించి, అలాగే చింతపండు పిక్కలు తీసేది, అలాగే కోడలి వంటకి వంకలు పెట్టేది. నిప్పులు కక్కేవాళ్ళని తర్వాత ఉద్యోగంలో చాలామందిని చూశాను గాని, నోట్లో నిప్పు పెట్టుకుని అంత చల్లగా మాట్లాడిన మనిషిని ఇంకెక్కడా చూడలేదు.

మావయ్య ఫొటోలు కడిగేది బెల్లం గదిలో. బెల్లం కరగకుండా ఉండాలని ఆ గదికి కిటికీ పెట్టలేదు తాత. కిటికీ లేని గది ఫొటోలకి మంచిదని మావయ్య అందులో ఎర్ర బల్బు పెట్టాడు. ఒక గోడకి బెల్లం దిమ్మలు, ఒక గోడకి మందు నీళ్ళ పళ్ళేలు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ పుల్లటి మందు వాసన తగిలితే నా నోట్లో తీపి ఊరుతుంది. ఆరబెట్టిన ఫొటోల మీద చీమలు బారులు కట్టి, పెళ్ళికొడుకు బుగ్గ మీదుగా పెళ్ళికూతురి వైపు వెళ్ళేవి. లోపల పని జరుగుతోందని గుర్తుగా మావయ్య తన చొక్కా విప్పి తలుపు గొళ్ళేనికి తగిలించేవాడు. చొక్కా ఉంటే తలుపు తియ్యకూడదు. ఒకరోజు అత్త ఆ చొక్కాని ఉతకడానికి వేశాడనుకుని తీసి భుజాన వేసుకుని, పనిలో పనిగా టీలోకి బెల్లం ముక్క తెచ్చుకుందామని తలుపు తోసింది. లోపల పళ్ళెంలో ఉన్న పెళ్ళివారు మొత్తం, రెండు వైపులవాళ్ళూ, ఒక్కసారే నల్లబడిపోయారు. మావయ్య కేక వెయ్యలేదు. "మరి టీ అయినా తే," అన్నాడు.

ఒక చుట్టలో ముప్పై ఆరు బొమ్మలు వస్తాయి. కాని ఎక్కించేటప్పుడు ఒడుపుగా, పొదుపుగా ఎక్కిస్తే చివర ఇంకొకటి మిగులుతుంది. ఆ ముప్పై ఏడోదాన్ని మావయ్య కొసరు అనేవాడు. పెళ్ళివారు ఎంత బతిమాలినా దాన్ని వాళ్ళకి ఇచ్చేవాడు కాదు. "ముప్పై ఆరూ ఆళ్ళవి. ఇది మనది," అనేవాడు. పెళ్ళి అయిపోయాక సైకిలు మీద ఇంటికి వస్తూ ఆ ఒక్కదాని కోసం దారంతా వెతికేవాడు. బెల్లం వండే పెనం దగ్గర ఆవిరిలో తలలు మాత్రం కనబడుతున్న మనుషులు, ఆగిన బస్సులో నోరు తెరిచి నిద్రపోతున్న కండక్టరు, మిరపకాయలు ఆరబెట్టి వాటికి కాపలాగా కూర్చుని తానే ఎండిపోతున్న ముసలమ్మ. ఒక్కోసారి దారి పొడుగునా ఏదీ నచ్చక అలాగే ఇంటికి వచ్చేసి, మర్నాడు పొద్దున్న అత్త ముగ్గు గిన్నె మీద ఖర్చుపెట్టేవాడు. ఎందుకింత బేరం మావయ్యా అని అడిగాను ఒకసారి. "ఒక్కటే ఉన్నాదనుకో, కళ్ళు దగ్గరపెట్టుకుని సూస్తాం. ముప్పయ్యారు ఉంటే కెమెరాయే సూసుకుంటాదిలే అనుకుంటాం," అన్నాడు. నేను చదివిన డిగ్రీలో ఇంత పనికొచ్చే వాక్యం ఇంకోటి లేదు.

ఇంత ఫొటోల ఇంట్లో అమ్మమ్మ ఫొటో లేదు. మావయ్య ఎప్పుడు కెమెరా ఎత్తినా ఆవిడ గోడ చూపించేది. గోడ మీద తాత ఉన్నాడు, తాత అన్నగారున్నారు, చిన్నతనంలోనే పోయిన మా పెద్దమ్మ ఉంది, అందరికీ దండలున్నాయి. ఆ ఇంట్లో గోడకెక్కినవాళ్ళలో ఊపిరి ఉన్నవాళ్ళు లేరు. "నన్నప్పుడే గోడకెక్కించీకురా నాయనా," అనేది అమ్మమ్మ. మావయ్య కెమెరా దించేసేవాడు.

రావికమతం వైపు ఒక పల్లెలో మా దగ్గర చుట్టాల పెళ్ళి వచ్చింది. అందరం వెళ్ళాం. పెళ్ళికూతురి తండ్రి రెండు చుట్టలకి మించి వద్దన్నాడు. ఆడవాళ్ళ గదిలో అడిగినవాళ్ళందరికీ తీస్తే ఆ రెండూ పెళ్ళికూతురికి జడ వేసేలోపే అయిపోతాయి. తియ్యకపోతే ఆ ఏడుపు జీవితాంతం. దీనికి పెళ్ళి ఫొటోగ్రాఫర్లు ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. ఫిలిం లేని కెమెరాకి ఫ్లాషు తగిలించి మెరిపించడమే. మావయ్య దాన్ని ఉత్తుత్తి ఫొటో అనేవాడు. ఆడవాళ్ళ గదిలోకి తను వెళ్ళలేడు గనక పాత కెమెరా నా మెళ్ళో వేసి, "అడిగినోళ్ళకి లేదనకుండా మెరిపించీ. నవ్వు మాత్రం రాకూడదు," అన్నాడు. ఫిలిం లేదని నాకు తెలుసు, అయినా నేను ఎంత గర్వంగా లోపలికి వెళ్ళానో చెప్పలేను. మెళ్ళో కెమెరా ఉంటే నడకే మారిపోతుంది. "కాస్త ఇటు తిరగండి, గడ్డం దించండి," అని పెత్తనం చేశాను. రావికమతం వీరమ్మగారని మా అమ్మమ్మకి వరసకి వియ్యపురాలు, ముఖానికి పౌడరు ఒంపుకుని మరీ మూడుసార్లు తీయించుకుంది. ఫ్లాషు కుయ్యిమంటూ ఊపిరి పీల్చుకోవడం, నేను నొక్కడం, వాళ్ళు మురవడం. దానకర్ణుడు కూడా అంత సులువుగా దానం చేసి ఉండడు.

అప్పుడు మూలనుంచి అమ్మమ్మ లేచింది. చుట్టని వెనక చేతిలోకి మార్చుకుని, చాప మీద నా ఎదురుగా వచ్చి కూర్చుంది. పట్టుచీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "నాకూ ఒకటి తియ్యే గుంటా," అంది, చాలా మెల్లిగా.

గదినిండా ఆడవాళ్ళు. ఫిలిం లేదని ఒకరికి చెప్తే అందరికీ చెప్పినట్టే, మావయ్య పరువు పందిట్లో పడుతుంది. ఆగమ్మమ్మా, మావయ్య చేత తీయిద్దాం అనొచ్చు. కాని ఆవిడ లేచి వచ్చిన తీరు చూస్తే, ఇప్పుడు కాదంటే మరి ఎప్పటికీ కూర్చోదని తెలుస్తోంది. నేను కెమెరా కంటికి ఆనించాను. నాతో రోజూ అన్నం తిన్న మనిషిని ఆ చిన్న అద్దంలోంచి మొదటిసారి చూశాను. గడ్డం మీద పచ్చబొట్టు చుక్క, బరువు మోసి మోసి సాగిన చెవి తమ్మె, ఒక్క కనుబొమలోనే నెరిసిన వెంట్రుకలు, రెప్ప వెయ్యకూడదని కష్టపడుతున్న కళ్ళు. నొక్కాను. మెరిసింది. అందరూ రెప్ప వేశారు గాని అమ్మమ్మ వెయ్యలేదు. లేస్తూ నా చెవిలో, "మీ మావయ్యకి సెప్పీకు. ముసలిదానికి సోకులొచ్చేయంటాడు," అంది.

అంతకుముందు ఎవ్వరడిగినా ఇవ్వని బొమ్మని ఆవిడ ఖాళీ కెమెరాకి ఇచ్చేసింది. దాన్ని పుచ్చుకున్నదాన్ని నేను. ఇంటికొచ్చాక రోజూ సాయంత్రం నేను కాలేజీనుంచి రాగానే, అత్త వినకుండా, "కడిగేడా?" అని అడిగేది. ఇంకా లేదమ్మమ్మా అనేదాన్ని. గొళ్ళేనికి చొక్కా కనిపిస్తే చాలు, ఆవిడ ఆ తలుపు ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. అది చూసి నాకు అన్నం సహించేది కాదు. నాకు అన్నం సహించకపోవడం ఇంట్లో అందరూ గమనించేంత పెద్ద విషయం. వారం తిరక్కుండానే ఉండబట్టలేక, ఫొటోలు ఆరబెడుతున్న మావయ్యకి అంతా చెప్పేశాను.

మావయ్య చేతిలోని తడి ఫొటో అలాగే పట్టుకుని ఉండిపోయాడు. "మా అమ్మ అడిగిందా? నోరు తెరిచి?" అన్నాడు. అవునన్నాను. "నేనడిగినప్పుడల్లా గోడ సూపించింది," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కాస్త అసూయ ఉందేమో. తర్వాత, "నాకు సెప్తే ఏటి లాభం? ఆవిడికి సెప్పు. రేపటి పెళ్ళిలో కొసరు నీదే," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పెరటి గుమ్మంలో కూర్చుని అమ్మమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు తీసి, "అమ్మమ్మా, ఆ కెమెరాలో ఫిలిం లేదు," అన్నాను.

నోట్లోంచి చుట్ట తీసింది. "ఏటి నేదు?"

"ఫిలిం. వట్టి మెరుపే. బొమ్మ పడలేదు."

"నాకొక్కదానికేనా, అందరికీనా?"

"అందరికీ."

"ఆ ఈరమ్మకి కూడానా?"

"ఆవిడకి మూడుసార్లు."

అమ్మమ్మ మొదట భుజాలతో నవ్వింది, తర్వాత పొట్టతో నవ్వింది, ఆ తర్వాత దగ్గు వచ్చి, కాలు తగిలి చింతపండు గిన్నె బోర్లాపడింది. "ఓలమ్మో! డబ్బాడు పౌడరు రాసుకున్నాదే! మూడుసార్లూ ఉత్తిదేనా!" అత్త లోపలినుంచి ఏమైందని పరిగెత్తుకొచ్చింది. కోడల్ని ఏం లేదు పొమ్మని పంపేసి, కళ్ళు తుడుచుకుని, కాసేపటికి నా వైపు తిరిగింది. "బొమ్మ పడకపోతే పోనాది. నువ్వు అద్దంలోంచి సూసేవు కదా. ఏటి కనపడ్డాది?"

చెప్పాను. పచ్చబొట్టు, చెవి తమ్మె, కనుబొమలో నెరుపు, వెనక చేతిలో దాచిన చుట్ట.

"సుట్ట కూడా సూసేవా?" అని చేతిలోని చుట్టని ఒకసారి తిప్పి చూసుకుంది. "నాతో ఇన్నేళ్ళు కాపరం సేసినోడు కూడా ఇంత సూళ్ళేదే," అంది. తర్వాత చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంటూ, "సర్లే, మళ్ళీ తియ్యి. ఈపాలి సుట్ట దాసను."

అన్నట్టే మావయ్య తన కొసరు నాకిచ్చాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మమ్మ ఎదురుగా కూర్చున్నాను. ఒక్కటే కదా, తొందరపడితే ఎలా? ఎండ పెంకుల మీదినుంచి దిగి గుమ్మంలోకి వచ్చేదాకా ఆగాలి. ఆగినంతసేపూ ఆవిడ కబుర్లు చెప్పింది, నేను విన్నాను. పెళ్ళయిన కొత్తలో బెల్లం పెనం దగ్గర పని, అక్కడ కాలిన మోచెయ్యి, ఆ మచ్చ. ఎండ దిగింది, తీశాను. మూడు రోజులకి మావయ్య బెల్లం గదిలోంచి చొక్కా తొడుక్కుంటూ వచ్చి, "రాలేదే. సివర సగం వెలుతురు తగిలి కాలిపోనాది," అన్నాడు. నా ముఖం చూసి అమ్మమ్మ, "దానికేటి, మళ్ళీ తీద్దువులే," అంది. మళ్ళీ తీశాను. ఈసారి చెయ్యి ఊగిందన్నాడు. ఆ తర్వాతది వెలుగు చాలలేదన్నాడు. ఆ తర్వాతది కత్తిరించేటప్పుడు తెగిందన్నాడు. పెళ్ళిళ్ళ కాలం పోయి, మళ్ళీ పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. ప్రతి కొసరుకీ నేను ఆ గుమ్మంలో గంటా రెండు గంటలూ కూర్చునేదాన్ని, చింతపండు తీసేదాన్ని, చుట్ట కోసం పొగాకు ఈనె తీసి ఇచ్చేదాన్ని. ఒక్కటీ సరిగా రాలేదు. నూకరత్నానికి ఫొటోలు తియ్యడం రాదని ఇంట్లో స్థిరపడిపోయింది. నేనూ ఒప్పుకున్నాను. ఆనాటికి నాకు రాని విద్యల జాబితా బాగా పొడుగు, అందులో ఇదొకటి కలిసింది, అంతే.

డిగ్రీ అయ్యింది, బీఎడ్ అయ్యింది, విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్ళకి అమ్మమ్మ వెళ్ళిపోయింది. గోడకెక్కించడానికి ఫొటో లేదు. ఆవిడ కోరినట్టే అయిందని అందరూ అన్నారు. నాకు మాత్రం ఎక్కడో ఒక ముల్లు. ఆవిడ అడిగింది ఒక్కటే, నేను ఇవ్వలేకపోయాను. ఆ తర్వాత చాలాకాలం నా దగ్గర కెమెరా లేదు. కాని సిటీబస్సు కోసం నిలబడినప్పుడల్లా, ఇవాళ్టికి ఒక్కటే ఉందనుకుని కళ్ళతో వెతకడం అలవాటైంది. ఖాళీ కెమెరాతో మొదలైన చదువు కెమెరాయే లేకుండా సాగింది. బస్సు అద్దానికి ముక్కు ఆనించిన పిల్ల, వాన వెలిశాక గొడుగు ఆరబెట్టుకుంటున్న పోలీసు. లోపల ఒక చిన్న చప్పుడు, అది ఆనాటి బొమ్మ. చిరాకుగా బయల్దేరిన రోజుల్లో కూడా ఆ చప్పుడయ్యాక మనసు నెమ్మదించేది. ఫోన్లు వచ్చాక చప్పుడు బయటికి వినబడుతోంది, తేడా అంతే. మొన్నో పెళ్ళికి వెళ్తే నెత్తిమీద డ్రోను తిరుగుతోంది, ఎవరి చేతిలో చూసినా ఫోను, ఎవర్నీ ఎవరూ తియ్యమని బతిమాలడం లేదు. మంచిదే, వీరమ్మగారి కష్టాలు ఎవరికీ లేవు. కాకపోతే అన్ని వందల మెరుపుల్లో ఎన్నింటిలో ఫిలిం ఉందోనని నాకు అనుమానం.

అలా ఆవేళ అత్త ఇంటికి వెళ్ళి, డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాను. పాత క్యాలెండరు కాగితాల పొట్లాలు. ఒక్కోదాని మీద పెన్సిలుతో తేదీ, మావయ్య రాత. "పెనం ఆవిరి, కె.కోటపాడు రోడ్డు." "కండక్టరు నిద్ర." "ముగ్గు గిన్నె." అన్నీ కొసర్లే. ఒకటొకటే విప్పి చూసి మళ్ళీ మడిచి పక్కన పెడుతున్నాను. అడుగున దారం కట్టిన కట్ట ఒకటి. తొమ్మిది పొట్లాలు. తేదీలు వేరైనా తొమ్మిదింటి మీదా ఒకటే రాత: "అమ్మ. తీసినది నూకరత్నం."

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మొదటి ముక్క వెలుతురుకి ఎత్తి పట్టాను. కాలలేదు. తెగలేదు. నెగెటివ్ కదా, అమ్మమ్మ నెరిసిన జుట్టు నల్లగా నిగనిగలాడుతూ, పెళ్ళయిన కొత్తలో ఇలా ఉండేదేమో అన్నట్టు ఉంది. పెదవుల మధ్య చుట్ట తెల్లగా. రెండోది ఎత్తాను, మూడోది ఎత్తాను. గుమ్మం, ఎండ, చింతపండు గిన్నె, మోచేతి మచ్చ. ఒక్కటి మాత్రం నిజంగానే ఊగింది, అది చూసి నా మీద నాకు మళ్ళీ నమ్మకం కుదిరింది. మిగతా ఎనిమిదీ, నేను తీశానని చెప్పుకోడానికి సిగ్గుపడనక్కర్లేనివి.

"అత్తా, ఇవి రాలేదన్నాడు మావయ్య," అన్నాను.

అత్త జంతికలు ఖాళీ అయిన డబ్బాలో సర్దుతూ తల కూడా ఎత్తలేదు. "వచ్చేయి. మా అత్తే సెప్పొద్దన్నాది. మొదటిది కడిగి తీసుకెళ్ళి సూపించేడు మీ మావయ్య, సంబరంగా. సూసుకున్నాది, నవ్వుకున్నాది. 'బాగున్నాదని గుంటకి సెప్పీసేవనుకో, పనయిపోనాదని ఇంక నా దగ్గర కూకోదు. రాలేదని సెప్పు. మళ్ళీ వస్తాది,' అన్నాది. మీ మావయ్యకి అబద్ధం ఆడ్డం రాదు కదా, బెల్లం గదిలో నిలబడి బట్టీ పట్టీవోడు, ఈసారి ఏటి సెప్పాలా అని."

నేను పక్కన పెట్టిన మిగతా పొట్లాల మీది తేదీలు మళ్ళీ చూశాను. ఆ రెండు పెళ్ళిళ్ళ కాలాలకి, ఆ తొమ్మిది తప్ప మావయ్య కొసరు ఒక్కటీ లేదు. తనకి మిగిలేదే ఒకటి, దాన్ని నాకిచ్చి, నేను తీసింది రాలేదని చెప్పి, సైకిలు మీద ఉత్త కళ్ళతో ఇంటికి వచ్చాడన్నమాట. నేను గుమ్మంలో కూర్చుని విఫలమైనన్ని మధ్యాహ్నాలూ ఇక్కడ ఇద్దరు నాకోసం కష్టపడి అబద్ధమాడారు. తొమ్మిది ముక్కలూ ఒక్కొక్కటే పొట్లాల్లో పెట్టి మళ్ళీ దారం కట్టాను.

తర్వాత, "పెద్దది చేయించి గోడకి పెట్టిద్దామా?" అంది అత్త.

"గోడకొద్దు," అన్నాను. "మేకు కొడితే అమ్మమ్మ లేచొస్తుంది." చివరికి బెల్లం గది తలుపు మీద, చొక్కా తగిలించే గొళ్ళెం పక్కన, చిన్న అచ్చు ఒకటి అంటిద్దామని తేల్చుకున్నాం. బెల్లం కోసం వెళ్ళినవాళ్ళకి కనిపిస్తుంది, దండకి చోటుండదు.

బయల్దేరబోతుంటే అత్త చీర కొంగు సర్దుకుంది. జుట్టు అరచేత్తో అదుముకుంది. డెబ్బై దాటిన మనిషి, పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు పెళ్ళాం, ముగ్గు గిన్నెకి దక్కిన కొసరు కూడా తనకి దక్కలేదు. "నాకూ ఒకటి తియ్యే," అంది.

ఆనాటి బొమ్మ మేకకి ఖర్చయిపోయింది. అయినా ఫోను తీశాను. ఎండ కిటికీలోంచి ఆవిడ చెంప మీదికి జరిగేదాకా ఆగాను. ఆగినంతసేపూ ఆ చొక్కా రోజు సంగతి చెప్పింది, నాకు తెలిసిన సంగతే అయినా మొత్తం విన్నాను. చెంప వెలిగింది, నొక్కాను. చూసుకున్నాను. ఒక్క వెంట్రుక కూడా కదల్లేదు. నేను తీసినవాటిలో అంత బాగా వచ్చింది ఇంకోటి ఉందనుకోను.

"ఎలా వచ్చిందే?" అంది అత్త, మెడ చాపి.

ఫోను జేబులో పెట్టేసుకున్నాను. "ఊగిపోయిందత్తా. రేపు మళ్ళీ తీస్తాను."

అత్త నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. అన్నీ తెలిసిన మనిషి. "నీకెప్పుడొచ్చింది గనకా," అంటూ పొట్లంలో నాలుగు జంతికలు కట్టి చేతిలో పెట్టింది. "రేపు కాస్త పెందలాడే రా. టీ ఎడతాను."